నేల నీడ్చు వీధితలుపు

బండి వచ్చు దారికి పెద్ద కొయ్యతలుపులు పెట్టించుకొన్న యిండ్లలో కొన్నేండ్లకు రెక్క క్రుంగి నేల నీడ్చుకొనుట మీరెఱుగనిది కాదు. మా యింట నా తలుపు దీయలేక మా యత్తగారు సాయంకాలము గుడికి బోవుటయే మానుకొనిరి. వడ్రంగి చూచి, "ఇది పనికిరాదు, ఇనుపది చేయించుకోండమ్మా" అనెను. అంత సొమ్ము మాకెక్కడిది?

6 అడుగుల వెడల్పు, 5 అడుగుల యెత్తు, అంగుళమున్నర మందము గల టేకురెక్క సుమారు 70 కిలోలు తూగును. ముందుగా దారమునకు రాయి గట్టి స్తంభము ప్రక్కన వ్రేలాడదీసి చూడుడు. స్తంభమే యొరిగినచో తలుపునకు జేయు వైద్యమంతయు వృథా. నిలువుగా నున్నచో, క్రింది బందు మూలనుండి గడియవైపు పైమూలకు ఏటవాలుగా గట్టి బద్ద వేయింపుడు. మాకు మొదట దీనిని తాఱుమాఱుగా బిగించిరి; నెల తిరుగకుండ మేకులు వదలి రెక్క మరల క్రుంగెను. కొయ్యబద్ద మీదిబరువు నానుకొని మోయునే గాని, లాగుడునకు దాని యతుకులు నిలువవు. ఆ రెండవ మూలలకైనచో ఇనుపతీగ బిగింపవలయును.

పిమ్మట గడియవైపు పైసగమున పలక విడిచి పలక తీయించితిమి. బందులకు దూరముననున్న బరువే యెక్కువగా లాగును గదా! వీధివారికి మా ముంగిలి కనబడుచున్నదని మా యాడబిడ్డ కిప్పటికిని కోపమే. అడుగున చక్రము పెట్టింపుమని కొందఱనిరి. రాతిపఱపుపై సరియే కాని, మా మట్టినేలలో వానకాలమున దిగబడును.

అత్తగారిపుడు తామే గడియ తీసికొని గుడికి బోవుచున్నారు. తీసిన పలకలతో వంటింటికి రెండు పీటలు వచ్చినవి.