పాత కారు వేడెక్కుతోందా? రేడియేటర్ మార్చే ముందు ఇవి తెలుసుకోండి

హైదరాబాద్: చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ దగ్గర ఆగకుండా రారు. అంత ఖరీదైనది కాకపోయినా, దాదా కొన్న అంబాసిడరో, నానా నడిపిన ఫియట్టో ఇప్పటికీ అపురూపంగా చూసుకునే ఇళ్లు ఉన్నాయి. ఎండలు ముదిరితే ఈ బండ్లకు ఒకటే బాధ. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, బానెట్ కింద నుంచి ఆవిరి వస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే 'రేడియేటర్ పోయింది, కొత్తది వేసేద్దాం' అంటారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

లోపల జరిగేది ఇదీ

ఇంజిన్‌లో వేడెక్కిన నీళ్లు రేడియేటర్ పై ట్యాంకులోకి వస్తాయి. అక్కడి నుంచి సన్నని గొట్టాల గుండా కిందికి దిగుతాయి. గొట్టాలకు అతికి ఉన్న పలచని రేకుల మధ్య గాలి ఆడటంతో నీళ్లు చల్లబడి, కింది ట్యాంకు నుంచి మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తాయి. ఈ గొట్టాలు, రేకులు కలిసిందే కోర్.

ఇప్పటి కార్లలో ఎక్కువగా కోర్ అల్యూమినియం, ట్యాంకులు ప్లాస్టిక్. పగిలితే మార్చుకోవడమే. పాత కార్లలో ట్యాంకులు, గొట్టాలు ఇత్తడివి, రేకులు రాగివి. అతుకులన్నీ తగరం, సీసం కలిపిన టంకంతో వేసినవి. అందుకే వాటిని విప్పొచ్చు, శుభ్రం చేయొచ్చు, మళ్లీ అతికించొచ్చు.

తప్పు రేడియేటర్‌దేనా?

ఫ్యాన్ బెల్ట్ వదులైనా, థర్మోస్టాట్ మూసుకుపోయినా, వాటర్ పంపు అరిగినా, ఇగ్నిషన్ టైమింగ్ తప్పినా బండి వేడెక్కుతుంది. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఇంజిన్ ఆయిల్ పాలరంగుకు మారినా హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. ముందు ఇవన్నీ చూపించుకోవాలి. లేకపోతే రేడియేటర్ మార్చినా ఆవిరి ఆగదు, డబ్బులు మాత్రం పోతాయి.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత అస్సలు తీయొద్దు. ఒత్తిడిలో ఉన్న మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాకే తీయాలి.

రిపేరు మూడు రకాలు

లీకు ఎక్కడుందో తెలియాలంటే రేడియేటర్ విప్పి, పైపుల దారులు మూసి, నీళ్ల తొట్టిలో ముంచి, లోపలికి కొద్దిగా గాలి ఎక్కిస్తారు. బుడగ వచ్చిన చోటే చిల్లు. అతుకు దగ్గర చిన్న లీకు అయితే టంకం వేస్తే సరిపోతుంది.

లీకు లేకున్నా వేడెక్కుతుంటే గొట్టాలు పూడుకున్నాయేమో చూడాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు సున్నంలా పేరుకుంటాయి. తుప్పు కూడా తోడవుతుంది. ముందు నీళ్లు ఎదురు దిశలో పంపి కడుగుతారు. అయినా దారి రాకపోతే ట్యాంకు టంకం విప్పి, ఒక్కో గొట్టంలో సన్నని కమ్మీ దూర్చి శుభ్రం చేస్తారు.

గొట్టాలే తినేసి ఉంటే మూడో దారి, కొత్త కోర్ వేయించడం. పాత ట్యాంకులు, పట్టీలు అలాగే ఉంచి మధ్య భాగం మాత్రమే మారుస్తారు. ఖర్చు ఎక్కువే. కానీ నీళ్లు లేకుండా బండి నడిపి సిలిండర్ హెడ్ వంగిపోతే అయ్యే ఖర్చు ముందు అది చిన్నదే.

పాతది పారేయొద్దు

1920లు, 30ల నాటి చాలా కార్లకు రేడియేటరే ముఖం. అది మారితే కారు రూపమే మారిపోతుంది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20 వేలు. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ జాబితాలో రేడియేటర్ లేదు. కానీ అసలు భాగాలు ఎన్ని మిగిలితే బండికి అంత విలువ. తప్పనిసరై అల్యూమినియంది వేసినా పాతదాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

బిగించాక

మూత విషయంలో ఏమరపాటు వద్దు. ఇప్పటి కార్ల మూతలు తరచుగా 13 నుంచి 16 పౌండ్ల ఒత్తిడి దాకా పట్టి ఉంచుతాయి. పాత రేడియేటర్ అంత తట్టుకోలేదు, అతుకులు ఊడిపోతాయి. కంపెనీ పుస్తకంలో రాసిన మూతే వాడాలి. హోస్ పైపులు గట్టిపడినా, ఉబ్బినా అప్పుడే మార్చేయాలి. బోరు నీళ్లు మానేసి డిస్టిల్డ్ వాటర్, రాగి-ఇత్తడికి సరిపడే కూలెంట్ కలిపి పోయాలి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకు, పిల్లులకు అందకుండా పెట్టాలి.

మిస్త్రీ ఆరోగ్యం

పాత టంకం కరిగించేటప్పుడు, గీకేటప్పుడు సీసం పొగగా, దుమ్ముగా లేస్తుంది. అది మిస్త్రీ ఊపిరిలోకే కాదు, చేతులకు, బట్టలకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది. చిన్న పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. కాబట్టి పని ఆరుబయట గానీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నచోట గానీ చేయాలి. తగిన మాస్కు పెట్టుకోవాలి. చాయ్ తాగే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల్ని ఎత్తుకునే ముందు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాళ్లు డాక్టర్‌ను అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటే మంచిది. బండికి కోర్ మార్చొచ్చు, మనిషికి కుదరదు.