గలిజేరా? పావిలికూరా? పోల్చుకోవడం ఎలా?

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం లాంటి ఎండ ప్రాంతాల గట్ల మీద, బీళ్లలో నేలను అంటుకుని పాకే గలిజేరు, పావిలికూర వంటి మొక్కలు చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఎందుకు?

ఎండకు నేలలోని నీరు ఆవిరైతే ఉప్పు పైన మిగిలిపోతుంది. తెల్లగా పొర కడితే ఆ నేల పాలచౌడు. సోడియం పెరిగి పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు. ఉప్పు నేలలో తడి ఉన్నా వేళ్లు దాన్ని సులువుగా పీల్చలేవు. అందుకే అక్కడి చాలా మొక్కలు దళసరి ఆకుల్లో నీరు దాచుకుంటాయి. వేర్వేరు కుటుంబాలవైనా ఒకేలా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

పువ్వు మాత్రం గుట్టు విప్పేస్తుంది! పావిలికూర పువ్వు పసుపు. ఎండెక్కాక కొన్ని గంటలే విచ్చుకుంటుంది. కాయ పైభాగం మూతలా ఊడి, నల్లని చిన్న గింజలు రాలతాయి. గలిజేరు పువ్వు తెలుపు లేదా లేత గులాబీ. దాని ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, కానీ జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈ తేడా పువ్వు లేనప్పుడు కూడా పట్టిస్తుంది.

తూత్తుకుడి వైపు సముద్రతీరంలో పెరిగే ఇలాంటి మరో మొక్క వంగరెడ్డికూరది గులాబీ నక్షత్రంలాంటి పువ్వు. నిజానికి దానికి రేకులే లేవు, ఆ రంగు రక్షకపత్రాల లోపలి వైపుది.

భూతద్దంతో చూడండి, బొమ్మ గీయండి. పెద్దలు గుర్తుపట్టి చెప్పనిదే ఏ ఆకూ నోట పెట్టకండి.