రైలు వేగము - దేహ వేగములు

విహారయాత్ర అనగానే మనం చూడవలసిన ఊళ్ల పట్టిక రాసుకుంటాము. ఆకలి, దాహం, నిద్ర, విసర్జన వేళలకు ఆ పట్టికలో చోటుండదు. ఈ పొరపాటు నేనూ చేశాను.

గత సంవత్సరం మా శ్రీమతితో కలిసి ఆరు రోజుల జపాను యాత్రకు వెళ్లాను. హైదరాబాదు పాతబస్తీ, శాలిబండలోని మా ఇంట్లో కూర్చొనే టోక్యో, నగోయా, క్యోటో, ఒసాకా, హిరోషిమా అని ఐదు నగరాలను నిర్ణయించుకున్నాము. ఆ ధైర్యమిచ్చినది అక్కడి షింకాన్‌సెన్ రైలు. 1964 అక్టోబరు 1న ఇది ప్రారంభమైనప్పుడు టోక్యో నుండి ఒసాకాకు 515 కిలోమీటర్ల దూరానికి నాలుగు గంటలు పట్టేది. నేడు అతివేగమైన బండి సుమారు రెండున్నర గంటలలో చేరుస్తుంది. మిగిలిన సమయాన్ని మేము మరొక ఊరికి ఖర్చుపెట్టాము.

మూడవ రోజుకు మా శ్రీమతికి మలబద్ధకం, కడుపుబ్బరం, తలనొప్పి. సాయంత్రానికి రెండు పాదాలకూ వాపు. విచారించగా, మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని ఆమె రోజంతా నీరే త్రాగలేదు! నిజానికి ఆ రైళ్లలో శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయి.

కారణమేమి?

ఆయుర్వేదంలో 'వేగము' అంటే శరీరం సహజంగా చేసే హెచ్చరిక. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన పదమూడు వేగాలను ఆపరాదని చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం బోధిస్తుంది. ఆపినచో వాతం ప్రకోపిస్తుంది. పైగా జపాను గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఆరు అంటే మన శరీరానికి ఇంకా తెల్లవారుజాము రెండున్నరే. ఆ వేళకు విరేచనం కాకపోవడంలో వింత లేదు.

పాటించవలసినవి

- ఉదయం లేవగానే గోరువెచ్చని నీరు త్రాగి, పావుగంట తీరికగా ఉండాలి. ఆ తరువాతనే రైలు.
- భోజనానంతరం చిటికెడు శొంఠి, జీలకర్ర పొడిని వేడినీటితో తీసుకుంటే ఉబ్బరం తగ్గుతుంది.
- మలబద్ధకమున్నవారు రాత్రి అర చెంచా త్రిఫల చూర్ణం గోరువెచ్చని నీటితో సేవించవచ్చు. గర్భిణులు, నిత్యం మందులు వాడేవారు వైద్యుని అడగాలి.
- పడుకునే ముందు అరికాళ్లకు నువ్వులనూనె మర్దన చేస్తే నిద్ర పడుతుంది. రాత్రివేళ గ్రీన్ టీ వద్దు.
- రైలులో గంటకొకసారి లేచి నడవాలి. ఒక కాలి పిక్కలోనే వాపు, నొప్పి ఉన్నా, ఆయాసం వచ్చినా గృహవైద్యం పనికిరాదు; వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

శాకాహారులకు మరొక సూచన: అక్కడి సూపులలో తరచుగా చేపల కషాయం కలుస్తుంది, అడిగి తినాలి. క్యోటోలో బౌద్ధాలయ సంప్రదాయపు శాకాహార భోజనం లభిస్తుంది. మీర్ ఆలం మండిలో కొన్న తాజా అల్లం, నిమ్మకాయలు, కరివేపాకు వెంట తీసుకుపోరాదు. అక్కడ మొక్కల తనిఖీ కఠినం. కొన్ని జలుబు మాత్రలు కూడా అక్కడ నిషిద్ధం, ముందుగా విచారించుకోవాలి.

నాలుగవ రోజున మేము హిరోషిమా మానుకొని క్యోటోలోనే ఉండిపోయాము. వేళకు తిని, వేళకు నిద్రించిన రెండు రోజులకే ఆమె కోలుకున్నది. ఒక నగరం తగ్గినందుకు మాకు విచారం లేదు. వేగవంతమైన రైలు మిగిల్చిన గంటలను మరొక ఊరికి కాక భోజనానికి, నిద్రకు ఇవ్వండి. అప్పుడే యాత్ర ఆరోగ్యప్రదమవుతుంది.