ఆటపాటలతో ఆత్మనిగ్రహము

గుఱ్ఱమునకు కాలిబలముతోపాటు కళ్లెమును కావలెను. మనుష్యునకు ఆత్మనిగ్రహమే కళ్లెము. "అల్లరి చేయకుము, కదలక కూర్చుండుము" అని పెద్దలు గద్దించినచో పసిపిల్లలు క్షణకాలము ఊరకుందురు. పెద్దల చూపు మరలగానే మరల గంతులు వేయుదురు. భయమువలన కలిగిన నిశ్చలత భయముతోడనే పోవును. తమంతట తాము నిలువగల శక్తి వారికి అలవడవలెను.

ఈ శక్తి జీవితమంతయు అక్కఱకు వచ్చునది. న్యూజీలాండులోని డ్యునెడిన్ నగరమున 1972-73 సంవత్సరములలో జన్మించిన వేయిమందికి పైగా శిశువులను శాస్త్రజ్ఞులు 32 ఏండ్ల వయస్సువరకు పరిశీలించిరి. బాల్యమున నిగ్రహము గలవారు పెద్దయిన పిదప ఆరోగ్యమునందును, ధనవ్యవహారములందును సాధారణముగ మెఱుగుగ నుండిరని 2011లో ప్రకటించిరి.

మరి దీనిని పసివారికి నేర్పుట యెట్లు? ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ (1865–1950) అను సంగీతాచార్యుడు ఒక మార్గమును చూపెను. ఇతడు 1892లో స్విట్జర్లాండులోని జెనీవా సంగీత విద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. తన శిష్యులు కొందరు వాద్యమును వాయించునప్పుడు లయ తప్పుచున్నను, నడచునప్పుడు వారి అడుగులు సమముగనే పడుట అతడు గమనించెను. శరీరమునకు తెలిసిన లయనే సంగీతమునకు ఆధారము చేయనెంచి, కొన్ని అభ్యాసములను కల్పించెను. గురువు పియానో వాయించుచుండగా పిల్లలు లయననుసరించి నడతురు. వాద్యము వేగమైనచో నడకయు వేగమగును, మందమైనచో మందమగును. గురువు సంజ్ఞ చేయగానే అందఱును తటాలున ఆగవలెను.

ఈ ఆటలో మూడు పనులు ఇమిడియున్నవి. చెవియొగ్గి వినవలెను, ఏమి చేయవలెనో జ్ఞప్తియందుంచుకొనవలెను, సాగుచున్న కాలిని ఆపవలెను. పసివానికి మూడవది మిక్కిలి కఠినము. మన కోలాటమునందును ఈ సూత్రమే గలదు. తాళమునకు ముందే కోల విసరినచో ఎదుటివాని కోల తగులదు, వరుస చెడును.

అమెరికాలో టామినీ, మెక్‌క్లెలండ్ అను పరిశోధకులు ఇట్టి ఆటలను 65 మంది చిన్నపిల్లలయందు పరీక్షించి, 2011లో ఫలితములను వెల్లడించిరి. వారిలో కొందఱు వారమునకు రెండుసార్లు, అరగంట చొప్పున, 8 వారములు ఆడిరి. పాట ఆగినంతనే బొమ్మవలె నిలుచుట మొదటి మెట్టు. వేగముగల పాటకు మెల్లగను, మెల్లని పాటకు వేగముగను ఆడుట తరువాతి మెట్టు. మొదట నిగ్రహము తక్కువగానున్న పిల్లలలో, ఈ ఆటలాడినవారు ఆడనివారికంటె ఎక్కువ అభివృద్ధి పొందిరి.

బాలబాలికలారా! మీ తమ్ములను, చెల్లెండ్రను చేర్చి మీరును ఈ ఆట ఆడింపవచ్చును. పళ్లెముపై తాళము వేసినను చాలును. అయితే ఒక నియమమును మఱువకుడు. ఆగుటలో తప్పిన పసివానిని ఆటనుండి తొలగింపరాదు. అభ్యాసము అందఱికంటె అతనికే ఎక్కువ అవసరము గదా!