ఎక్స్‌పల్స్‌కు ఇంట్లోనే సర్వీస్: ముందు కొనాల్సిన 3 టూల్స్ ఇవే

మా ఆలూరు చుట్టూ నల్లరేగడి. వాన పడితే చక్రానికీ మడ్‌గార్డ్‌కీ మధ్య బురద పట్టేస్తుంది, ఎండితే దుమ్మంతా చైన్ మీదే. అందుకే నా హీరో ఎక్స్‌పల్స్ 200కి ఇంట్లోనే సర్వీస్ మొదలుపెట్టా. తొందరపడి వందకు పైగా పీసులున్న టూల్ కిట్ కొన్నా. సగం ఇంకా కవర్లోనే ఉన్నాయి. అసలు తప్పు వేరే: వెనుక యాక్సిల్ నట్‌ను అందాజుగా బిగించా. ఆదోని రోడ్డు మీద చక్రం ఊగినట్టు అనిపించి ఆగి చూస్తే, నట్ చేత్తోనే తిరిగింది!

ఇప్పుడు నా లిస్ట్ ఇదీ:

1. టార్క్ రెంచ్: ఏ నట్ ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. ఆ నంబర్ సెట్ చేసి, టక్‌మనగానే ఆపేయాలి. రేంజ్ చూసి కొనండి, యాక్సిల్ నట్‌కు సరిపోయే పెద్ద రెంచ్ 10 న్యూటన్ మీటర్ల చిన్న బోల్టులకు పనికిరాదు. దీంతో నట్లు విప్పొద్దు.

2. ప్యాడాక్ స్టాండ్: ఈ బైక్‌కు సెంటర్ స్టాండ్ లేదు. వెనుక చక్రం గాల్లో తిరిగితేనే చైన్ క్లీనింగ్ సులువు.

3. టైర్ లివర్లు, ప్యాచ్ కిట్, గేజ్ ఉన్న ఫుట్ పంప్: స్పోక్ చక్రాలు, లోపల ట్యూబులు. కంప్రెసర్ ఇప్పుడే అక్కర్లేదు.

బడ్జెట్ టైట్ అయితే రెంచ్ ముందు. బైక్ పట్టుకోవడానికి ఫ్రెండ్ దొరుకుతాడు, నట్ బిగువు మాత్రం చేతికి తెలీదు.