పచ్చని చెరువులో ఊపిరాడని చేపలు

తెల్లవారుజామున నాలుగున్నర గంటలు. రెండు రోజులుగా ముసురు పట్టి ఎండ మొహం చూపలేదు. గట్టు మీద నిలబడి టార్చి వేసి చూస్తే, చెరువులోని చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. తెల్లారేసరికి వందలకొద్దీ వెల్లకిలా తేలాయి.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి ఇంట జరిగిన సంగతి ఇది. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోయింది. నాలుగు రోజుల తరువాత బడికి వచ్చి నన్ను ఇలా అడిగాడు:

"మాస్టారూ! పచ్చని మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయని చెప్పారు కదండీ. మా చెరువు నీళ్లు పసరులా పచ్చగా ఉన్నాయి. మరి చేపలకు ఊపిరెందుకు ఆడలేదు?"

ఎంత మంచి ప్రశ్న! మీ పుస్తకంలో ఆహారం, శ్వాసక్రియ, ఆహారపు గొలుసు వేర్వేరు పాఠాలు. చెరువులో మాత్రం మూడూ ఒకటే పాఠం.

చెరువులో వంట ఎవరిది?

నీటికి ఆ పచ్చదనం వృక్ష ప్లవకాల వల్ల వస్తుంది. ఇవి కంటికి విడిగా కనిపించనంత చిన్న మొక్కలు. ఎండలో ఇవి నీటినీ, కార్బన్ డై ఆక్సైడునూ ఉపయోగించి గ్లూకోజ్ తయారుచేస్తాయి, ఆక్సిజన్‌ను వదులుతాయి. వీటిని జంతు ప్లవకాలు తింటాయి. పైనీటిలో తిరిగే బొచ్చె చేప ముఖ్యంగా ఆ జంతు ప్లవకాలను తింటుంది. మధ్యనీటిలోని శీలావతి నాచునూ, మొక్కల పదార్థాన్నీ తింటుంది. అడుగున తిరిగే ఎర్రమోసు కుళ్లిన పదార్థంతో కడుపు నింపుకుంటుంది. ఈ మూడింటినీ కలిపి పెంచడం ఇందుకే. ఒకదాని కంచంలో మరొకటి అంతగా చెయ్యి పెట్టదు! చేపల కోసం కొంగ గట్టున కాచుకొని ఉంటుంది. ఎవరు చచ్చినా బాక్టీరియాకు విందే. ఇలా అల్లుకున్న గొలుసులన్నీ కలిస్తే ఆహార జాలకం.

తిన్నదంతా ఏమవుతుంది?

అమెరికాలో రేమండ్ లిండెమన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న సరస్సులో ఈ శక్తి లెక్కలు కట్టాడు. 1942 లో ఆ వ్యాసం అచ్చయ్యేసరికి అతను జీవించి లేడు. ఒక మెట్టులోని శక్తిలో సుమారు పదో వంతే పై మెట్టుకు చేరుతుందన్న సూత్రానికి పునాది ఆ పనే.

మిగిలినది ఏమైంది? కొంత ఎవరూ తినకుండానే పోతుంది, కొంత అరగక మలంగా పోతుంది. పెద్ద భాగం మాత్రం బతకడానికే ఖర్చవుతుంది. ఈదడానికి, పెరగడానికి ప్రతి కణమూ గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో కలిపి శక్తిని తీసుకుంటుంది. అదే శ్వాసక్రియ. ముక్కుతో గాలి పీల్చడం, మొప్పల గుండా నీటిని పంపడం ఆ క్రియకు సరుకు మోయడం మాత్రమే. కాబట్టి ఎంత మేత తింటే అంత ఆక్సిజన్ కావాలి. తినని మేత కుళ్లితే బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి.

రాత్రి లెక్క

మనం పీల్చే గాలిలో లీటరుకు సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీరు గాలి నుంచి కరిగించుకోగలిగేది లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. చేప బతుకు ఎంత ఇరుకో చూశారా!

1771 లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి చెడిపోయిన గాలిని పుదీనా మొక్క తిరిగి బాగుచేస్తుందని చూపాడు. 1779 లో యాన్ ఇంగెన్‌హౌజ్ ఇంకో ముఖ్యమైన మాట చేర్చాడు. మొక్క గాలిని బాగుచేసేది వెలుతురులోనే, అదీ పచ్చని భాగాలతోనే. చీకట్లో అదే మొక్క గాలిని పాడుచేస్తుంది! మొక్క కూడా ప్రాణే కదా, రాత్రీ పగలూ దానికీ శ్వాసక్రియ ఉంటుంది.

ఇప్పుడు మన అబ్బాయి ప్రశ్నకు జవాబు దొరికింది. ముసురు వల్ల పగలు ఆక్సిజన్ జమ తక్కువ. రాత్రి చేపలు, బాక్టీరియా, ఆ పచ్చని ప్లవకాలు అన్నీ కలిసి ఖర్చు పెట్టాయి. నీరు ఎంత పచ్చగా ఉంటే రాత్రి ఖర్చు అంత ఎక్కువ. తెల్లవారుజాముకు ఖాతా ఖాళీ అయింది. పచ్చదనమే పగటి దాత, రాత్రి అప్పులవాడు!

ఏం చేయాలి?

మబ్బు పట్టిన రోజున మేత, ఎరువు ఆపాలి. రాత్రి ఏరియేటర్లు తిప్పాలి, లేదా కొత్త నీరు పెట్టాలి. పెద్దలు తోడుండగా చేతిని మోచేతి దాకా నీటిలో ముంచి చూడండి. అంతకుముందే అరచెయ్యి కనిపించకుండా పోతే, ఆ నీరు మరీ పచ్చగా ఉన్నట్టు.

ఆ అబ్బాయి ఇప్పుడు సాయంత్రం ఆకాశం చూసి వాళ్ల నాన్నకు చెబుతున్నాడు, "నాన్నా, రేపు మేత వద్దు" అని. మార్కులు ఎన్ని వచ్చినా, పాఠం వచ్చిందనడానికి నాకు అది చాలు.

చివరగా మీకో ప్రశ్న. రాత్రి చెట్టు కింద పడుకుంటే ఊపిరాడదని కొందరు భయపెడతారు. చెరువులో చేపకు వచ్చిన ముప్పు చెట్టు కింద మనిషికి ఎందుకు రాదు? పైన ఇచ్చిన రెండు అంకెలు మళ్లీ చూసి, జవాబు మీరే రాయండి.