భోగి నాటి ఎల్లో అలర్ట్

సంక్రాంతి ముందు వచ్చే చలిగాలుల ఎల్లో అలర్ట్ జిల్లా అంతటికీ ఒకటే. మైదానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని చలిగాలి అంటుంది. మంజీర ఒడ్డున బీర్కూర్‌లో యాసంగి నారు పోసిన రైతుకు ఈ అంకెతో పనేముంది? చలికి మొలక ఎదగదు, ఆకు కొసలు పసుపెక్కుతాయి. ఊరూరికీ విడిగా అంచనా కట్టడం కష్టమనేది నిజమే. కానీ కావలసింది డిగ్రీల లెక్క కాదు, చేయాల్సిన పని: సాయంత్రం నారుమడిపై పాలిథిన్ కవరు కప్పి పొద్దున తీయండి, రాత్రి నిలిచిన చల్లనీళ్లు వదిలేసి కొత్తనీళ్లు పెట్టండి. పండగపూట చెప్పేవాళ్లెవరంటారా? భోగి మంట దగ్గర తెల్లవారుజామునే ఊరంతా ఉంటుంది. పంచాయతీ మైకులో రెండు ముక్కలు చెబితే ఆ సాయంత్రానికే కవర్లు సిద్ధమవుతాయి.